క్లిప్ ఉంది... కానీ ఓపెన్ కావట్లేదు!

మా అక్క అప్పగింతల వీడియో సైజు రెండు జీబీల పైచిలుకు. ఆ అంకె నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఏడాదిన్నర పాటు ఆ వీడియోలో నేను చూడగలిగింది అదొక్కటే! క్లిప్ మీద నొక్కితే ప్లేయర్ నల్లగా తెరుచుకునేది. రెండు సెకన్లు ఆలోచించేది. తర్వాత ‘ఈ ఫైల్‌ని ప్లే చెయ్యలేం’ అని చేతులెత్తేసేది.

తప్పు నాదే. పెళ్లికి మాట్లాడుకున్న వీడియో వాళ్లు బయట కారు అలంకరణ దగ్గర ఉన్నారు. లోపల అప్పగింతలు మొదలైపోయాయి. ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరా నా చేతిలో ఉంది. తాతయ్య లేచొచ్చి అక్క చేతులు బావ చేతుల్లో పెట్టి ఏదో మాట్లాడటం మొదలుపెట్టారు. మామూలుగా కెమెరా కనిపిస్తే పక్కకు తప్పుకునే మనిషి ఆయన. ఆరు నిమిషాలు కదలకుండా తీశాను. బ్యాటరీ గుర్తు ఎర్రగా మినుకుమంటోంది. పెద్దమ్మేమో “ఒరేయ్, అక్షింతల పళ్లెం అందుకోరా” అని కేకేస్తోంది. ఆ కంగారులో రికార్డింగ్ ఆపకుండానే బ్యాటరీ తలుపు లాగేశాను.

ఇంటికొచ్చి చూస్తే మిగతా క్లిప్పులన్నీ బంగారంలా ఉన్నాయి. అదొక్కటే తెరుచుకోలేదు. “హైర్ చేసినవాళ్లు తీసే ఉంటార్లే” అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. వాళ్లు తియ్యలేదు. కార్డు మాత్రం ఎందుకో ఫార్మాట్ కొట్టబుద్ధి కాలేదు. ఫ్రెండ్‌కి వేరే కార్డు కొనిచ్చి, దాన్ని పర్సులో పడేసుకున్నా. ఏడాదిన్నర తర్వాత తాతయ్య పోయారు. పెద్దకర్మ రోజు అక్క అడిగింది... “ఆరోజు నువ్వు తీశావుగా, అది ఉందా?”

ఆ క్లిప్ సంగతి చివర్లో చెబుతా. ఈలోగా, దాని వెంటపడి నేను నేర్చుకున్నవి, షార్ట్ ఫిల్మ్‌లు తీసే ఫ్రెండ్స్ దగ్గర చూసినవి కొన్ని మీతో పంచుకోవాలి. ఫోన్‌తోనో, అద్దె కెమెరాతోనో వీడియోలు తీసేవాళ్లలో చాలామంది ఇవే గుంతల్లో, అదే వరసలో పడుతుంటారు.

విషయసూచిక లేని పుస్తకం

ముందు ఒక వీడియో ఫైల్ లోపల ఏముంటుందో చూద్దాం. ఎంపీ4, మూవ్ అనే ఫైళ్లు నిజానికి డబ్బాల్లాంటివి. ఒక పెద్ద అరలో బొమ్మ, శబ్దం తాలూకు డేటా అంతా కుప్పగా ఉంటుంది. ఇంకో చిన్న అరలో ఆ కుప్పకి సూచిక ఉంటుంది. ఏ ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుంది, శబ్దం ఎక్కడుంది, సెకనుకి ఎన్ని ఫ్రేములు లాంటి వివరాలన్నీ అందులోనే. ఆ అర పేరు ‘మూవ్ ఆటమ్’. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, చాలా కెమెరాలు ఈ సూచికని ఆఖర్న, మనం స్టాప్ బటన్ నొక్కాకే రాస్తాయి. రికార్డింగ్ నడుస్తుండగా బ్యాటరీ లాగినా, కార్డు బయటికి తీసినా, ఫోన్ వేడెక్కి ఆగిపోయినా సూచిక రాసే టైమ్ ఉండదు. డేటా అంతా కార్డులోనే ఉంటుంది. అందుకే సైజు కనిపిస్తుంది. కానీ ఎక్కణ్నుంచి చదవాలో ప్లేయర్‌కి తెలీదు.

పాత క్యాసెట్లకి ఈ బాధ లేదు. టేపు మీద బొమ్మ వరసగా పడుతూ పోయేది. కరెంటు పోతే అక్కడితో ఆగేది తప్ప, అప్పటిదాకా తీసింది మాయమయ్యేది కాదు. మా నాన్నవాళ్ల పెళ్లి క్యాసెట్‌లో మధ్యలో నాలుగుసార్లు కరెంటు పోయింది. అయినా క్యాసెట్ నిక్షేపంలా ఆడింది.

కాబట్టి క్లిప్ తెరుచుకోకపోతే గుండె జారిపోనివ్వకండి. ఫైల్ సైజు చూడండి. సైజు బాగానే కనిపిస్తోందా? అయితే డేటా చాలావరకు లోపలే ఉందని ఆశపడొచ్చు. అసలు సున్నా చూపిస్తున్నా, ఫైలే కనిపించకపోయినా అది వేరే కథ. రెండు సందర్భాల్లోనూ మొదటి పని మాత్రం ఒకటే. ఆ కార్డుతో ఇంక షూట్ చెయ్యొద్దు. ఒక్క ఫొటో కూడా! మనం డిలీట్ కొట్టినప్పుడు, మామూలు ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా చెరిగేది కార్డులోని జాబితా మాత్రమే. లోపలి డేటా అలాగే పడి ఉంటుంది. దాని మీద కొత్త వీడియో వచ్చి కూర్చుంటే మాత్రం బ్రహ్మదేవుడు కూడా వెనక్కి తేలేడు. కొన్ని కెమెరాల్లో ‘లో లెవెల్ ఫార్మాట్’ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. దాని జోలికి అసలే వెళ్లకండి.

డిలీట్ అయినవాటికి, ఫార్మాట్ అయిన కార్డులకి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పేరులో ఫోటో ఉన్నా వీడియోలూ వెతుకుతుంది. చూడ్డానికి పాతకాలం నల్ల తెరలా ఉండి భయపెడుతుంది గానీ పని చేస్తుంది. ఒక జాగ్రత్త. దొరికిన ఫైళ్లని అదే కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి సేవ్ చెయ్యాలి. ఇంకో విషయం, పెద్ద వీడియోలు కార్డులో ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటే అవి పూర్తిగా రాకపోవచ్చు.

సైజు ఉండీ తెరుచుకోని క్లిప్‌కి వేరే మందు. ‘అన్‌ట్రంక్’ అని ఇంకో ఉచిత టూల్. దీని ఐడియా నాకు భలే నచ్చింది. పాడైన ఫైల్‌తో పాటు, అదే కెమెరాతో అదే సెట్టింగుల్లో తీసిన మంచి ఫైల్ ఒకటి దానికి ఇవ్వాలి. ఆ మంచి ఫైల్ సూచిక చూసి ‘ఓహో, ఈ కెమెరా ఇలా సర్దుతుందన్నమాట’ అని అర్థం చేసుకుని, పాడైనదానికి కొత్త సూచిక కడుతుంది. పక్కింటి చొక్కా కొలతలతో మన చొక్కా కుట్టించుకున్నట్టు! కొలతలు కుదరాలంటే కెమెరా, రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు అన్నీ ఒకటే అయి ఉండాలి. 4కె క్లిప్‌ని బాగుచెయ్యడానికి ఫుల్ హెచ్‌డీ క్లిప్ ఇస్తే ఫలితం ఉండదు. ఈ పనంతా అసలు ఫైల్ మీద కాకుండా దాని కాపీ మీదే చెయ్యండి.

‘వీడియో అప్‌లోడ్ చెయ్యండి, రిపేర్ చేసిస్తాం’ అని ఊరించే వెబ్‌సైట్లు బోలెడు. ఇంటి ఆడవాళ్ల వీడియోలు, పిల్లల వీడియోలు ఎవరిదో తెలియని సర్వర్‌కి పంపడం నాకైతే ఇష్టం ఉండదు. పైన చెప్పినవి మన కంప్యూటర్‌లోనే జరిగే పనులు.

ఫోన్‌లో తీసింది పొరపాటున డిలీట్ అయితే ముందు ట్రాష్ చూడండి. ఐఫోన్‌లో ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజుల దాకా ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవైతే ట్రాష్‌లో 60 రోజులు. అక్కడా లేకపోతే కష్టమే. ఇప్పటి ఫోన్ల లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఫోటోరెక్‌ల పప్పులు అక్కడ ఉడకవు.

స్క్రీన్ రికార్డింగ్‌కి, లైవ్‌కి ఓబీఎస్ వాడే గేమర్లకి ఒక మాట. రికార్డింగ్‌ని ఎంకేవీలో పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది తెరుచుకుంటుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ‘రీమక్స్’ నొక్కితే ఎంపీ4 అయిపోతుంది.

కార్డు దగ్గర కక్కుర్తి

లక్ష రూపాయల కెమెరాలో నాలుగొందల కార్డు పెట్టేవాళ్లని చూశాను. ఒకప్పుడు నేనూ పెట్టాను, దాచేదేముంది! రికార్డింగ్ దానంతటదే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది కార్డునే. లెక్క సులువు. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తున్నారనుకుందాం. ఆ ‘బీ’ బిట్లు, బైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు. అంటే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. 64 జీబీ కార్డు గంటంపావు దాటి కాసేపు వస్తుంది. ముహూర్తం ఆలస్యమైతే అంతే సంగతులు.

కార్డు మీద పెద్దక్షరాల్లో కనిపించే ‘170 ఎంబీ’ లాంటి అంకెలు చాలాసార్లు చదివే స్పీడు. మనకి కావాల్సింది ఆగకుండా రాసే స్పీడు. దానికి ‘వీ30’ అన్న గుర్తు చూడాలి. కనీసం సెకనుకి 30 ఎంబీ రాయగలదని దానర్థం. ఇక 32 జీబీ కార్డు మీదే 512 అని అచ్చేసి అమ్మే నకిలీలూ ఉన్నాయి. వాటిలో నిండాక తీసింది గాల్లో కలిసిపోతుంది. ఎక్కడా ఎర్రర్ కూడా రాదు. కొన్న రోజే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో అయితే ఎఫ్3 నడిపి చూసుకోండి. కార్డంతా నింపి, మళ్లీ చదివి చెబుతాయి కాబట్టి టైమ్ పడుతుంది. రాత్రి పెట్టి పడుకోవచ్చు.

ఒక గంట కార్యక్రమం తీస్తే నాలుగైదు ఫైళ్లు కనిపించాయని కంగారుపడి ఫోన్ చేశాడు మా కజిన్. ఏం కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయిన కార్డులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. అందుకే కెమెరా ముక్కలు చేస్తుంది. పాత హ్యాండీక్యామ్‌ల ఏవీసీహెచ్‌డీ వీడియోలైతే ఒక్కో ఎంటీఎస్ ఫైల్‌ని విడిగా లాగకుండా, కార్డులో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి. విడిగా లాగి అతికిస్తే అతుకు దగ్గర శబ్దం ‘టక్’మని తెగుతుంది. సరిగ్గా మంగళసూత్రం దగ్గరే తెగుతుంది, అదేం ఖర్మో!

పెదవి ఒకటి... మాట ఒకటి

ఎడిటింగ్‌లో అందరినీ ఏడిపించేది ఇదే. పాత డబ్బింగ్ సినిమాలా నోరు మూశాక మాట వినిపిస్తుంది. దీనికి కారణాలు నాలుగైదున్నాయి. ఏ కారణమో తెలీకుండా చెయ్యి పెడితే బాగున్నది కూడా పాడవుతుంది. నా సొంత అనుభవం వినండి.

ఒక ఇంటర్వ్యూ ఎడిట్ చేస్తూ ఆడియో కాస్త వెనకబడిందని అరగంట కూర్చుని ముందుకి జరిపాను. పొద్దున అన్నయ్యకి చూపిస్తే “ఏంట్రా, నోరు తెరవకముందే మాట్లాడుతున్నాడు” అన్నాడు. రాత్రి నేను విన్నది బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో! బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదోవంతో, రెండు వంతులో ఆలస్యమవుతుంది. సినిమాలు చూసే యాప్‌లు ఆ తేడాని లెక్కేసి సర్దుకుంటాయి. ఎడిటింగ్ టైమ్‌లైన్లు చాలావరకు ఆ పని చెయ్యవు. కాబట్టి సింక్ చూసేటప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్సే.

వైరు పెట్టినా తేడా ఉందా? అయితే వీడియో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే హాయి. ఆడియోని అంత జరిపితే సరిపోతుంది. మొదట్లో బాగుండి, పోనుపోను తేడా పెరుగుతుంటేనే అసలు రోగం. ఎంత పెరిగిందో కొలిస్తే రోగం పేరు దానంతటదే బయటపడుతుంది.

గంటకి రెండు ఫ్రేములో, మూడు ఫ్రేములో తేడా వస్తే అది రెండు గడియారాల గొడవ. కెమెరాలో ఒక గడియారం, ఆడియో రికార్డర్‌లో ఇంకోటి. రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంటకి 0.072 సెకను అవుతుంది. 25 ఫ్రేముల వీడియోలో అది దాదాపు రెండు ఫ్రేములు. షూట్ మొదట్లో ఒక చప్పట్లు, ఆఖర్న ఇంకో చప్పట్లు కొట్టించండి. ఆ రెంటి మధ్యా ఆడియోని కాస్త సాగదీసో, కుదించో కలిపెయ్యొచ్చు. చివర చప్పట్లు కొట్టడం అందరూ మర్చిపోతారు, ప్యాకప్ అనగానే అందరి చూపూ బిర్యానీ మీదకే కదా!

గంటకి దాదాపు మూడున్నర సెకన్లు తేడా వస్తే మాత్రం గడియారం తప్పు కాదు. 30 ఫ్రేముల వీడియోని 29.97 అనుకునో, 29.97ని 30 అనుకునో ఎవరో ఆడించారన్నమాట. ఆ రెంటికీ మధ్య వెయ్యికి ఒక వంతు తేడా. గంటకి 3600 సెకన్లు కాబట్టి లెక్క సరిగ్గా 3.6 దగ్గరికొస్తుంది. క్లిప్ ప్రాపర్టీస్‌లో ఫ్రేమ్ రేటు సరిచేసుకుంటే పోతుంది.

తేడా ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ... అస్సలు పద్ధతీ పాడూ లేకుండా ఉందా? అయితే అది ఫోన్ వీడియో అయి ఉంటుంది. ఫోన్లు బండి నడిపినట్టు ఫ్రేమ్ రేటుని పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. 30 అని పెట్టినా వెలుతురు తగ్గితే 24కి దిగొచ్చు, వేడెక్కితే ఇంకా తడబడొచ్చు. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్లోనే చూస్తే ఏ తేడా తెలీదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సమానంగా పరచబోతేనే శబ్దం పక్కకి జరుగుతుంది. స్క్రీన్ రికార్డింగులతో ఇది మరీ ఎక్కువ. మందు హ్యాండ్‌బ్రేక్. ఉచితమే. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు అంకె ఎంచుకుని, పక్కనే ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకున్నాకే టైమ్‌లైన్ మీదకి తీసుకెళ్లండి. క్వాలిటీ స్లయిడర్‌ని కాస్త మంచివైపు జరపడం మర్చిపోకండి. నడుస్తున్న ఎడిట్‌లో సగానికొచ్చాక ఈ పని చెయ్యాలంటే ప్రాణం పోతుంది. ముందే చేసుకోవాలి.

మండపంలో చారలు

షూట్ బాగుంది, ఫోకస్ బాగుంది. కానీ వెనక గోడ మీద నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతున్నాయి. లేదా బొమ్మంతా మినుకుమినుకుమంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. మన కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షటర్ 1/50 పెడితే ప్రతి ఫ్రేముకీ ఆ మినుకు సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 1/100 పెడితే ఒకసారి. అన్ని ఫ్రేములకీ సమానంగా వెలుగొచ్చి చారలు మాయమవుతాయి. అదే 1/60 పెట్టారో, ఒకటిన్నర చిల్లర! ఒక ఫ్రేముకి ఎక్కువ, ఒక ఫ్రేముకి తక్కువ.

చిక్కేమిటంటే యూట్యూబ్‌లో మనం చూసే పాఠాలు ఎక్కువగా అమెరికా వాళ్లవి. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్. ‘30 ఫ్రేములు, 1/60 షటర్’ అన్నది వాళ్లకి వేదవాక్కు. మనవాళ్లు అదే పెట్టి మన ఫంక్షన్ హాల్లో తీసి తల పట్టుకుంటారు. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఆ సెట్టింగులతోనే వచ్చి విజయవాడ పెళ్లి తీశాడు. ఏమైందో చెప్పక్కర్లేదు. మన దగ్గర ఇండోర్ షూట్ అంటే 25 లేదా 50 ఫ్రేములు, 1/50 లేదా 1/100 షటర్. 30 ఫ్రేములే కావాలంటే తీసుకోండి, షటర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే పాల్‌కి మార్చండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్తే ‘షో పాల్ ఫార్మాట్స్’ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే 25 ఫ్రేములు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షటర్ అక్కడే దొరుకుతుంది.

స్టేజి వెనక ఎల్‌ఈడీ గోడలు, రంగులు మారే సెట్ లైట్లు ఈ లెక్కకి లొంగవు. వాటి మినుకు వేగం వేరు. షటర్‌ని కాస్త అటూఇటూ తిప్పుతూ తెర మీద చారలు తగ్గేచోట ఆపడమే. ఆ పని ముహూర్తానికి గంట ముందే చెయ్యాలి. ఎడిటింగ్‌లో మినుకు తగ్గించే ఎఫెక్టులు ఉన్నాయి గానీ, అవి మామూలుగా డబ్బు కట్టే వెర్షన్లలోనే ఉంటాయి. పైగా పాకే చారలకి అంతగా పనిచెయ్యవు.

లాప్‌టాప్ మూలుగుతోందా?

ఫోన్‌లో వెన్నలా ఆడిన 4కె క్లిప్, లాప్‌టాప్ టైమ్‌లైన్‌లో ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది? ఫోన్లు, కొత్త కెమెరాలు వాడే హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతి ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచదు. ఒక ఫ్రేముని పూర్తిగా దాచి, తర్వాతవాటిలో మారినదాన్ని మాత్రమే రాసుకుంటుంది. వరసగా ఆడితే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో మనం వెనక్కీ ముందుకీ గెంతుతుంటాం కదా, గెంతిన ప్రతిసారీ కంప్యూటర్ పాత ఫ్రేము దగ్గరికెళ్లి లెక్క మళ్లీ కట్టుకుంటూ రావాలి. పాత లాప్‌టాప్‌కి అది ఎత్తలేని బరువు.

కొత్త లాప్‌టాప్ కొనమని నేను చెప్పను. ప్రాక్సీలు చేసుకోండి. అంటే ప్రతి క్లిప్‌కీ తేలికైన చిన్న నకలు. ప్రీమియర్ ప్రోలో, డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది. నకలు మీద కట్ చేసుకుంటాం, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు క్లిప్‌ల నుంచే వస్తుంది. ఎనిమిదేళ్ల పాత మెషిన్ మీద కూడా ఇలా 4కె షార్ట్ ఫిల్మ్ కట్ చేసిన కుర్రాళ్లున్నారు. ప్రాక్సీలు తయారయ్యేదాకా ఓపిక పట్టాలి, అంతే.

కార్డు నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా టైమ్‌లైన్ మీదకి లాక్కునే అలవాటుంటే ఈరోజే మానండి. కార్డు తియ్యగానే స్క్రీన్ ఎర్రబడి ‘మీడియా ఆఫ్‌లైన్’ అంటుంది. పోయింది ఫైల్ కాదు, దాని అడ్రసు. ఫైళ్లు వేరేచోట ఉంటే రీలింక్ కొట్టి చూపిస్తే సరి. కార్డు ఈలోపు ఫార్మాట్ చేసేశారా... పైన ఫోటోరెక్ గురించి చెప్పిన పేరా మళ్లీ చదవండి.

ఐఫోన్ క్లిప్పులు టైమ్‌లైన్‌లో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తే అది హెచ్‌డీఆర్ పని. ఐఫోన్ 12 నుంచి డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో రికార్డవుతుంది. మామూలు టైమ్‌లైన్‌కి ఆ వెలుగు ఎలా సర్దాలో తెలీక పేలిపోతుంది. మీకు హెచ్‌డీఆర్ అక్కర్లేకపోతే కెమెరా సెట్టింగుల్లో ఆపేసి తియ్యడమే ఉత్తమం.

‘శ్‌రీరస్‌తు శుభమస్‌తు’

ఇది మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన బాధ. టైటిల్‌లో ‘శ్రీరస్తు’ టైప్ చేస్తే ఒత్తులన్నీ విడిపోయి ‘శ్‌రీరస్‌తు’ అవుతుంది. పెళ్లికొడుకు పేరు కృష్ణ అయితే ఇక చెప్పక్కర్లేదు. తప్పు ఫాంటుది కాదు. అక్షరాల్ని పేర్చే ఇంజిన్ ఇంగ్లిష్‌కి సెట్ అయి ఉంటుంది. ప్రీమియర్ ప్రో పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ అని మార్చాలి. తర్వాత కొత్త టెక్స్ట్ లేయర్ తీసుకుని టైప్ చెయ్యండి. మీ యాప్‌లో అలాంటి సెట్టింగే లేకపోతే అడ్డదారి ఉంది. అక్షరాలు సరిగ్గా వచ్చే వేరే యాప్‌లో టైటిల్ రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి తెచ్చుకోవడం.

డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ప్రాజెక్ట్ తెరిస్తే మీ తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలైపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి థంబ్‌నెయిల్స్‌కి అదే నా ఓటు.

అంతా అయ్యాక వాట్సాప్‌లో పంపితే నాశనం. వీడియోగా పంపితే పిండి పిప్పి చేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇక ఆ క్లిప్...

పెద్దకర్మ అయిన రాత్రి కార్డు పర్సులోంచి తీశాను. ముందు కార్డులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి రెండుచోట్ల కాపీ చేశా. తలంబ్రాలప్పుడు అదే కెమెరాతో తీసిన చిన్న క్లిప్ ఒకటి బాగానే ఆడుతోంది. దాన్ని కొలతలకిచ్చి అన్‌ట్రంక్ నడిపాను. తెర మీద ఏవో అంకెలు పరిగెత్తాయి. ఆఖర్న ఫోల్డర్‌లో కొత్త ఫైల్ ఒకటి కనిపించింది. మొదట దాని మీద నొక్కడానికి చెయ్యి రాలేదు.

ఆడింది! చివరి నాలుగైదు సెకన్లు రాలేదు. ఒకచోట బొమ్మ పచ్చటి గడులుగా చెదిరి మళ్లీ సర్దుకుంది. వెనక సన్నాయి గోలలో తాతయ్య మాటలు సగమే వినిపిస్తున్నాయి. ఆయన బావతో చెబుతోంది పెద్ద సూక్తులేం కాదు. “దానికి పొద్దున్నే లేవడం అలవాటు లేదు. మీ అమ్మగారితో ఒక మాట చెప్పి ఉంచు నాయనా” అంటున్నారు. అక్క ఏడుస్తూనే నవ్వేసింది. వెనక నుంచి పెద్దమ్మ గొంతు... “ఒరేయ్, అక్షింతల పళ్లెం...” అక్కడ తెగింది.

ఆ రాత్రే అక్కకి డాక్యుమెంట్‌గా పంపాను. బ్లూ టిక్ పడి చాలాసేపటిదాకా రిప్లై రాలేదు. తెల్లారి ఫోన్ చేసి, “ఆ పచ్చ గడులు తియ్యడం కుదరదా?” అంది. కుదరదన్నాను. “పోన్లే, ఉండనీ” అని, కార్డు కూడా ఇచ్చెయ్యమంది. కాపీలు మూడున్నాయి, కార్డుతో ఇంక పనేం లేదని చెప్పినా వినలేదు. ఇప్పుడది అక్క బీరువాలో, పెళ్లి పట్టుచీర మడతలో ఉంది.